11 కేవీ లైనుకు చవకైన వైర్‌లెస్ సెన్సార్ అమర్చే విధానం

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఏసీల లోడు పెరిగేకొద్దీ తీగలు వేడెక్కి కిందికి వేలాడతాయి. ఆపై ఈదురుగాలికి ఒక వేపకొమ్మ తగిలినా ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఆ లైను) ట్రిప్ అవుతుంది, అంటే సరఫరా దానంతటదే ఆగిపోతుంది. లోపం లైను ఏ శాఖలో ఉందో తెలియాలంటే ప్రతి స్తంభానికీ సెన్సార్ అక్కర్లేదు. లైను చీలిన చోట, చీలికకు అవతల, ఫేజుకు (అంటే ఒక్కో తీగకు) ఒకటి చొప్పున పెడితే సరిపోతుంది.

తెరిచి మూసే కోరు (అయస్కాంత వలయం) గల సీటీని, అంటే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌ను, తీగ చుట్టూ బిగిస్తే, అది కరెంటును కొలవడమే కాక పరికరానికి కావలసిన విద్యుత్తును కూడా ఆ తీగ నుంచే తీసుకుంటుంది. కోరు ముక్కలు కలిసే ముఖాలపై కాస్త దుమ్ము ఉన్నా రీడింగు తగ్గుతుంది కనుక, మెత్తని పొడిగుడ్డతో తుడిచి మూయాలి. లైను ట్రిప్ అయిన మరుక్షణం ఈ విద్యుత్తు ఆగిపోతుంది. అసలు కబురు పంపవలసింది సరిగ్గా అప్పుడే! అందువల్ల అప్పటికి కావలసిన విద్యుత్తును దాచి ఉంచే సూపర్ కెపాసిటర్ విషయంలో పొదుపు పనికిరాదు.

సందేశాలకు లైసెన్సు అవసరం లేని 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండులో లోరా (తక్కువ విద్యుత్తుతో దూరానికి సందేశాలు పంపే రేడియో పద్ధతి) చాలు. ఆ సందేశాలను అందుకునే గేట్‌వేను ఎత్తైన డాబాపై, స్టీలు ట్యాంకు చాటు పడకుండా బిగించాలి.

తీగపై బిగింపు మాత్రం డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) అనుమతితో, లైన్ క్లియర్ (లైనులో సరఫరా ఆపినట్టు ధ్రువీకరణ) తీసుకుని ఎర్తింగ్ చేశాక, వారి సిబ్బందే చేయాలి.