కల్లు కాంపౌండ్‌లో కమ్మల కొట్టం కప్పే పద్ధతి

హైదరాబాద్‌లో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. తెరిచే తొందరలో రేకుల షెడ్డు వేసినవాళ్లు కమ్మల కప్పుకు మారాలనుకుంటే వానలకు ముందే పని ముగించాలి. రేకు కింద మధ్యాహ్నానికే లొట్టి (కల్లు కుండ) వేడెక్కుతుంది, పొద్దున తియ్యగా దిగిన కల్లు తొందరగా పులిసిపోతుంది. కమ్మల నీడ పులుపును ఆపలేదు గానీ నెమ్మదిగా ఎక్కనిస్తుంది. పైగా పని దిగినంక పదిమంది కూర్చొని కష్టసుఖం చెప్పుకునే చోటు చల్లగా ఉండాలి కదా.

20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు కొట్టానికి 250 నుంచి 300 తాటి కమ్మలు పడతాయి. ముదిరిన అడుగు కమ్మలే కోయాలి, చెట్టు కొసన మొవ్వు దగ్గరి లేతవాటి జోలికి పోవద్దు. కల్లు గీత నడుస్తున్న చెట్టయితే ఏ కమ్మ తీయాలో గీసే గౌడన్నే చెప్పాలి. మట్ట (కమ్మ కాడ) అంచు రంపంలా కోస్తుంది, జాగ్రత్త. జానెడు మట్ట ఉంచి మిగతాది నరకాలి.

కోసిన రోజే కప్పడం పెద్ద తప్పు. పచ్చి కమ్మ పైన ఎండుతూ ముడుచుకుంటుంది, ఆకుల మధ్య సందులు పడతాయి. బాగా ఎండినదేమో వంచగానే చీలుతుంది. అందుకే ఒకదానిమీద ఒకటి పరిచి, రాళ్లు పెట్టి 4, 5 రోజులు అణచాలి. చేత్తో వంచితే విరగకుండా వంగాలి, అప్పుడే కప్పడానికి పనికొస్తుంది.

పక్క గుంజలు నేలపైన 7 అడుగులు, వెన్నును మోసే నడిమి గుంజ, అంటే నిట్టాడు, 13 అడుగులు ఉండాలి. ఈ వాలు తగ్గిస్తే నీళ్లు జారక ఆకులోనే నిలిచి కమ్మ కుళ్లుతుంది. భూమిలో దిగే 2 అడుగులకు తారు పూయకపోతే చెదలు పడతాయి. వాసాల మీద అడుగుకొకటి వెదురు బద్ద కట్టాలి.

కప్పడం చూరు నుంచి మొదలుపెట్టి వెన్ను (కప్పు నడినెత్తి) దాకా పోవాలి. మట్ట పైకి, ఆకు కొసలు కిందికి ఉండాలి. ఒక్కో కమ్మ దాని పక్క కమ్మను సగం దాకా కప్పాలి, పై వరుస కింది వరుస కట్లను పూర్తిగా మూయాలి. ప్రతి మట్టనూ బద్దకు రెండు చుట్లు చుట్టి బిగించాలి. వెన్ను మీద కమ్మలను మధ్యకు మడిచి రెండు పక్కలా దించి, పైన వెదుర్లు కత్తెరగా కట్టాలి. ఎండాకాలపు గాలివాన ముందుగా లేపేది ఈ వెన్నునే.

అయ్యాక లోపల నిలబడి పైకి చూడండి. వెలుతురు చుక్క కనిపించిన చోటల్లా ఇంకో కమ్మ దూర్చాలి.

బోటి, చికెన్ వేయించే పొయ్యి ఈ కప్పు కింద అస్సలు పెట్టొద్దు. దూరంగా, రేకు కింద పెట్టండి. కరెంటు తీగ పైపులోంచే రావాలి, బల్బు ఆకును తాకకూడదు. రెండు మూడేళ్లకు కమ్మ నల్లబడి చేతిలో పొడి అవుతుంది. అప్పుడు అతుకులు వేయకుండా మొత్తం దించి కొత్తగా కప్పాలి.