విజయనగరం పాతబజారుకు వెళ్లేవారికి: కోట, గంటస్తంభం, కొనుగోళ్లు

పెళ్లిబట్టలకో బంగారానికో విజయనగరం వచ్చేవారు చాలామంది నేరుగా కొట్లకు వెళ్లి, సంచులు నిండగానే తిరుగు బస్సు ఎక్కేస్తారు. కోట, అమ్మవారి గుడి, గంటస్తంభం, బజారు నడిచి వెళ్లేంత దగ్గరలోనే ఉన్నాయి కనుక, చేతులు ఖాళీగా ఉన్నప్పుడే ఊరు చూసి, ఆ తరువాత కొట్లలో అడుగుపెట్టడం మేలు. బట్టల కొట్లు, బంగారం కొట్లు ఎలాగూ ఎండ ఎక్కిన తరువాతే తెరుస్తారు.

పొద్దున్నే కోటతో మొదలుపెట్టండి. విజయనగరాన్ని ఏలిన పూసపాటి రాజులు 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన చేసిన ఈ చతురస్రాకారపు కోటకు తూర్పున నగరఖానా అనే సింహద్వారం ఉంది. పడమటి ద్వారం దానికంటే చిన్నది. రాజకుటుంబంలో మరణించినవారిని ఆ దారినే బయటి సమాధుల వద్దకు తీసుకువెళ్లేవారు. కోట లోపల ఇప్పుడు కళాశాలలు నడుస్తున్నాయి కాబట్టి, చదువుకునే పిల్లలకు ఇబ్బంది కలగకుండా చూసి రావాలి.

అక్కడి నుంచి మూడు లాంతర్ల కూడలిలోని పైడితల్లి అమ్మవారి గుడికి వెళ్లండి. అమ్మవారు విజయనగరం రాజు విజయరామరాజుకు చెల్లెలని, 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న మరణించాడని విని ప్రాణాలు విడిచిందని, ఆమె విగ్రహం పెద్దచెరువులో దొరికిందని ఇక్కడివారి విశ్వాసం. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు పూజారిని కూర్చోబెట్టుకున్న సిరిమాను, అంటే పొడవాటి చెట్టుమాను, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఆ మంగళవారమూ, ముందురోజు తొలేళ్లనాడూ దర్శనానికి మాత్రమే రండి. అంత జనంలో బేరసారాలు సాగవు.

1885లో కట్టిన గంటస్తంభం ఎనిమిది పలకలతో, 68 అడుగుల ఎత్తున నిలబడి ఉంటుంది. దాని చుట్టుపక్కల వీధులే పాతబజారు. బంగారం కొనేవారు నగపై హాల్‌మార్కుతో పాటు అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య ఉందో లేదో కొట్లోనే భూతద్దం అడిగి చూసుకోవాలి. రసీదులో నగ బరువు, మజూరీ విడివిడిగా రాయించుకోవాలి.

ఈ ప్రాంతానికి వచ్చి తప్పక కొనవలసినది, నా దృష్టిలో, పొందూరు ఖద్దరు. విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషను వైపు వెళ్లే రైలుమార్గంలోనే పొందూరు స్టేషను ఉంది కనుక, వీలైతే నేసేచోటికే వెళ్లండి. అక్కడ గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకులు (వడకడానికి చుట్టిన దూది వత్తులు) చేసి, చక్రానికి 24 ఆకులు (పుల్లలు) గల ఒంటికదురు రాట్నంపై నూలు వడుకుతారు. ఆ నూలు నూరో నంబరు వరకూ, అంతకు మించి కూడా సాగుతుంది. నూరో నంబరు అంటే ఒక పౌను బరువు పత్తి నుంచి 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) నూరు రావాలి. అంటే దాదాపు 77 కిలోమీటర్ల పొడవైన దారం. ఇంత పని ఉన్న పంచెకు ధర ఎక్కువని బేరమాడడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి: చేతితో వడికిన దారం ఒకచోట సన్నగా, ఒకచోట కాస్త లావుగా కనిపిస్తుంది, మిల్లు దారం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. ఖాదీ మార్కు చీటీ కూడా అడిగి చూడాలి. తొందర లేనివారు గాంధీ జయంతి వరకు ఆగితే ఖాదీ దుకాణాల్లో సాధారణంగా రిబేటు దొరుకుతుంది.

వీణ కావాలంటే మరొక రోజు బొబ్బిలి దగ్గరి గొల్లపల్లికి కేటాయించుకోండి. అక్కడ పనసచెక్కతో, ఒకే దుంగను తొలిచి ఏకాండి వీణలు చేస్తారు. కానుకగా ఇవ్వడానికి బొమ్మవీణలు చాలు. వాయించడానికైతే ముందుగా చెప్పి చేయించుకుని, వాయించడం వచ్చినవారిని వెంట తీసుకువెళ్లి, ప్రతి మెట్టు మీదా స్వరం పలికించి చూసిన తరువాతే డబ్బు చెల్లించండి. మెట్లను మైనంలో నిలుపుతారు కనుక, తిరుగు ప్రయాణంలో వీణను ఎండలో నిలిపిన కారులో వదిలిపెట్టకండి.