వంట చేసుకోలేని ఒంటితో క్యారేజీ భోజనం మీద నెట్టుకురావడం ఎలా

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం, వచ్చి తొమ్మిదేళ్లయింది, రెండేళ్ల నుంచి గడప దాటేది ఆసుపత్రికి వెళ్లడానికే. పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడితే మోకాళ్లు పట్టేస్తాయి, గిన్నె ఎత్తితే మణికట్లు లాగేస్తాయి, అందుకే వంట వదిలేశాను. ఉండేది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు, ఒక్కదాన్నే, పొద్దున టిఫిన్ దగ్గర్నుంచి రాత్రి అన్నం దాకా అన్నీ బయట్నుంచి వచ్చేవే. లూపస్ (మన రోగనిరోధక శక్తే మన ఒంటి మీద దాడి చేసే జబ్బు) వల్లో డయాలసిస్ వల్లో ఇంటికే పరిమితమైపోయిన వాళ్లు "రోజూ బయటి తిండితో ఎలా నడుస్తోందక్కా" అని అడుగుతుంటారు, వాళ్ల కోసం నాకు పనికొచ్చినవి రాస్తున్నా.

ఏ ఏర్పాటైనా మీకు బాగా లేని రోజుని మనసులో పెట్టుకుని చేసుకోండి. కాస్త తేలిగ్గా ఉన్న రోజు ఫోన్ తీసి ఆర్డర్ పెట్టుకోవడమే కదా అనిపిస్తుంది, కానీ నొప్పులు ఎక్కువైన రోజు ఏం తినాలో ఆలోచించడం, యాప్‌లో వెతకడం, ఫోన్ చేసిన అబ్బాయికి దారి చెప్పడం ఇవన్నీ చేసే ఓపిక ఉండదు, ఆ రోజే ఏమీ తినకుండా పడుకుంటాం, తిండి అన్నిటికన్నా అవసరమైంది కూడా ఆ రోజే. అందుకని మనం అడగకుండానే వచ్చే భోజనం రోజుకి ఒకటైనా ఉండాలి. నాకది మధ్యాహ్నం క్యారేజీ. స్విగ్గీ, జొమాటో అన్నీ దాని తర్వాతే.

క్యారేజీ పంపేవాళ్లు ఆన్‌లైన్‌లో దొరకడం తక్కువ. వాచ్‌మన్‌ని, పనమ్మాయిని, కిరాణా కొట్టాయన్ని అడగండి, బ్యాచిలర్లకీ పెద్దవాళ్లకీ వండి పంపే ఆవిడ దగ్గర్లో ఒకరు తగులుతారు. దొరికారు కదా అని నెల డబ్బులు ఒకేసారి ఇచ్చేయకండి, వారం రోజులు ఒక్క పూట తెప్పించుకుని చూడండి. నేను మొదట ఒక మెస్‌కి నెలంతా అడ్వాన్స్ ఇచ్చేశాను, పది రోజులు బానే వచ్చింది, తర్వాత మధ్యాహ్నం భోజనం మూడింటికి రావడం మొదలైంది, మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్రలు అన్నం కోసం ఆపుకుని కూర్చునేదాన్ని. అప్పట్నుంచి మాత్రల డబ్బా పక్కనే అరటిపండో నాలుగు బిస్కెట్లో ఉంచుకుంటున్నా, ఏదో ఒకటి తిని టైముకి వేసుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకా ముఖ్యమైన మాట, భోజనం ముందు వేసుకునే ఇన్సులిన్ అన్నం ఇంట్లోకొచ్చి కళ్ల ముందు పెట్టుకున్నాకే వేసుకోండి, ఐదు నిమిషాల్లో వస్తుందని యాప్ చూపించినా సరే నమ్మొద్దు.

ఉప్పు విషయంలో "కొంచెం తక్కువ వేయండి" అంటే సరే అంటారు, కానీ పాతికమందికి ఒకే గిన్నెలో వండేటప్పుడు మన ఒక్కరి కోసం తగ్గించలేరు కదా. "ఉప్పు కారం వేసేముందు నా వంతు పక్కకి తీసి పెట్టండి పిన్నీ" అని అడగండి, అది ఆవిడ చేయగలిగిన పని. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే ఒక టీస్పూను, ఆవకాయ ముక్కా అప్పడమూ ఉన్న రోజు అది ఎప్పుడో దాటిపోతుంది, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి డాక్టర్ ఇంకా తక్కువ చెప్పొచ్చు. కిడ్నీ వాళ్లు డైటీషియన్ వద్దన్నవన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాయించి ఆవిడ వంటింటి గోడకి అతికించమనండి. పొటాషియం తగ్గించమని చెప్పి ఉంటే, కూరగాయలు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయమని కూడా అందులో రాయించండి.

ఇంటి దాకా వచ్చిన తిండి నోటి దాకా రావడం ఇంకో ఎత్తు. కర్రీ పాయింట్ పప్పు పల్చటి కవర్లో పోసి పైన దారం గట్టిగా చుట్టి ముడేస్తారు చూడండి, ఆ ముడి నా వేళ్లకి రాదు, ఒకసారి పళ్లతో లాగబోతే వేడి సాంబారు ఒళ్లో పడింది. ఇప్పుడు ఏం చేస్తానంటే, లోతుగా ఉండే గిన్నె టేబుల్ మీద పెట్టి ప్యాకెట్‌ని అలాగే అందులో కూర్చోబెట్టి కత్తెరతో ఒక మూల కత్తిరిస్తాను, కూర గిన్నెలోకి జారిపోతుంది, ఎత్తి పోసే పనే లేదు. స్టీల్ క్యారేజీ అయితే క్లిప్పు బిగుతు చూసి కొనండి, నేను కొట్లో ఉన్నవన్నీ మా తమ్ముడి కూతురి చేత తెరిపించి ఎడమచేతి బొటనవేలితో తెరుచుకునేది తీసుకున్నా. రెండు క్యారేజీలు ఉండాలి, ఇవాళ్టిది వచ్చినప్పుడు నిన్నటి ఖాళీది పోతుంది, కడిగే పని పనమ్మాయికి ముందే మాట్లాడుకోండి.

గుమ్మం బయట ఒక స్టూలు వేయండి. డెలివరీ అబ్బాయిలు నేల మీద పెట్టి వెళ్లిపోతారు, వంగి తీసుకోవడం మన వల్ల కాదు. యాప్‌లో సూచనలు రాసే చోట "తలుపు తీయడానికి ఐదు నిమిషాలు పడుతుంది, స్టూలు మీద పెట్టి వెళ్లండి తమ్ముడూ" అని ఒక్కసారి రాసి సేవ్ చేసేయండి, డబ్బులు కూడా ఆన్‌లైన్‌లోనే కట్టేస్తే చిల్లర గొడవ ఉండదు.

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ లాంటి మందులు వాడేవాళ్లకి ఇన్ఫెక్షన్‌ని తట్టుకునే శక్తి తక్కువ, మిగతావాళ్లు ఒక పూటలో తేరుకునే విరేచనాలు మనల్ని ఆసుపత్రిలో పడేస్తాయి. అందుకని క్యారేజీ రాగానే రాత్రికి కావాల్సింది తీసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను, రెండు గంటలకి మించి బయట ఉంచను. ముఖ్యంగా అన్నం, బయట వదిలేసిన అన్నంలో పెరిగే ఒకరకం బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది, తర్వాత ఎంత వేడి చేసినా ఆ విషం పోదు. ఫ్రిజ్‌లోంచి తీసినవి పొగలు వచ్చేదాకా వేడి చేసుకోండి, ప్లాస్టిక్ కవర్లతోనూ డబ్బాలతోనూ మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టకుండా గాజు గిన్నెలోకి మార్చి. సాయంత్రం టిఫిన్ తెప్పిస్తే ఇడ్లీ తిని కొబ్బరి చట్నీ వదిలేస్తాను, అది పొద్దుటిదో ఇప్పటిదో మనకి తెలియదు. కొత్త హోటల్ అయితే ఎఫ్ఎస్ఎస్ఎఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) లైసెన్స్ నంబర్, 14 అంకెలుంటాయి, యాప్‌లో ఉందో లేదో చూడండి.

సంక్రాంతికి క్యారేజీ పిన్ని ఊరెళ్తుంది, వినాయక నిమజ్జనం రోజు రోడ్లు మూసేస్తారు, గట్టి వాన పడితే యాప్‌లో ఏ హోటలూ చూపించదు. పండగకి రెండు వారాల ముందే తారీకులు అడిగి రాసుకోండి. మంచం నుంచి చేతికందే చోట మూడు రోజులకి సరిపడా అటుకులు, డబ్బా పాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచండి, అటుకులు పెరుగులో నానబెట్టుకుంటే పొయ్యి వెలిగించక్కర్లేదు.

ఇంకొకటి, ఒంటరిగా ఉండేవాళ్లు తప్పకుండా చేయాలి. క్యారేజీ తెచ్చే అబ్బాయితో నాకు ఒక ఒప్పందం ఉంది, నిన్నటి ఖాళీ క్యారేజీ స్టూలు మీద లేకపోతే బెల్ కొట్టాలి, నేను పలక్కపోతే మా తమ్ముడికి ఫోన్ చేయాలి. తాళంచెవి ఒకటి ఎదురింటి ఆంటీ దగ్గర ఉంటుంది. పోయిన శ్రావణంలో జ్వరం వచ్చి రాత్రంతా బాత్రూం గుమ్మం దగ్గరే కూలబడిపోయాను, ఫోన్ మంచం మీద ఉండిపోయింది, మర్నాడు పన్నెండున్నరకి ఆ అబ్బాయి స్టూలు ఖాళీగా ఉండడం చూసి బెల్ కొట్టాడు, ఐదు నిమిషాల్లో ఆంటీ తలుపు తీశారు.