పోపుల డబ్బాతోనే మొదలుపెట్టొచ్చు: చిన్నపిల్లలతో కుండీల్లో మొక్కలు పెంచడం ఎలా?

చిన్నపిల్లలతో మొక్కలు పెంచేటప్పుడు ముందుగా చూసుకోవాల్సింది వాళ్ల ఓపిక. నాలుగేళ్ల పిల్లచేత టమాటా విత్తనం నాటించి, మూడు నెలలాగితే కాయలు కాస్తాయని చెబితే వారం తిరిగేసరికి ఆ కుండీ మనకే మిగులుతుంది. నీళ్లు పోసేదీ మనమే, ఎండుటాకులు ఏరేదీ మనమే. అదే మెంతులు వేయించామనుకోండి, రెండు మూడు రోజుల్లోనే మట్టిలోంచి మొలకలు తలెత్తుతాయి. పొద్దున్నే పళ్లు తోముకోకుండా పిల్లలు బాల్కనీలోకి పరిగెత్తేది అప్పుడే.

అందుకే నా సలహా ఏంటంటే, మొదటి నెలంతా వారంలోపు మొలిచేవే వేయండి. వాటికి విత్తనాల షాపుకి వెళ్లాల్సిన పని లేదు. మెంతులు, ఆవాలు పోపుల డబ్బాలో ఉంటాయి. బొబ్బర్లు, పెసలు, శనగలు వంటింటి డబ్బాల్లో ఉంటాయి. షాపులో అమ్మే విత్తనాల్లో కొన్నిటికి మందు పట్టించి ఉంటుంది. గులాబీ రంగో నీలం రంగో పూసినట్టు కనిపిస్తే వాటిని పిల్లల చేతికి ఇవ్వకండి.

చోటు, కాలం

ఆకుకూరలకు రోజూ మూడు నాలుగు గంటల ఎండ పడితే చాలు. తూర్పు ముఖం బాల్కనీ ఉంటే అంతకన్నా ఏం కావాలి. టమాటా, వంగ లాంటి కాయ కాసే మొక్కలకు ఆరు గంటల ఎండైనా ఉండాలి.

మన దగ్గర తొలకరి పడ్డాక మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా విత్తుకోవచ్చు. మెంతికీ కొత్తిమీరకీ చలికాలం బాగా కలిసొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చిన్న డబ్బాలోని మట్టి మధ్యాహ్నానికే ఎండిపోతుంది. అప్పుడు గోంగూర, తోటకూర, బచ్చలి లాంటి ఎండకు ఓర్చుకునేవి మాత్రమే వేయండి. అవి కూడా పెద్ద కుండీల్లో, మధ్యాహ్నం నీడ పడే చోట.

ఒక్క విషయంలో మాత్రం అసలు రాజీ పడొద్దు. బాల్కనీ రెయిలింగ్ పక్కన కుండీ గానీ స్టూలు గానీ బకెట్ గానీ ఉండకూడదు. పిల్లలు వాటిమీద ఎక్కి కిందకి తొంగిచూస్తారు. కుండీలన్నీ ఇంటి గోడవైపే పెట్టండి.

డబ్బాలు, మట్టి

మెంతికూరకు నాలుగైదు అంగుళాల లోతు చాలు. పెరుగు డబ్బాలు, ఐస్‌క్రీం డబ్బాలు, పగిలిన టబ్బు, ఏవైనా పనికొస్తాయి. తినే మొక్కలకు పాత పెయింట్ బకెట్లు మాత్రం వద్దు. అడుగున నాలుగైదు చిల్లులు పెద్దవాళ్లే పెట్టాలి. మేకు కాల్చి గుచ్చితే ప్లాస్టిక్ చీలిపోకుండా చిల్లు పడుతుంది. ఆ పని జరుగుతున్నంతసేపూ పిల్లల్ని పక్కకి పంపండి. చిల్లు మీద చిన్న పెంకు ముక్క పెడితే నీళ్లు పోతాయి, మట్టి నిలుస్తుంది.

ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) సమపాళ్లలో కలుపుకోండి. వర్మీకంపోస్టు దొరక్కపోతే బాగా చివికిన పశువుల ఎరువు వాడొచ్చు. పచ్చిపేడ వద్దు, వేళ్లు మాడిపోతాయి. కోకోపీట్ ఇటుక తెచ్చి టబ్బులో వేసి, పిల్లలచేత మగ్గుతో నీళ్లు పోయించండి. గట్టి ఇటుక కళ్లముందే ఉబ్బి, పొడిపొడిగా విడిపోతుంటే రెండేళ్ల పిల్లలు కూడా అక్కణ్ణుంచి కదలరు. ఈ కలపడం, నింపడం పూర్తిగా వాళ్లకే వదిలేయండి. కింద పాత చాప పరిస్తే ఇల్లు పాడవుతుందన్న టెన్షన్ ఉండదు. డబ్బా అంచుకి ఒక అంగుళం తక్కువగా నింపాలి, లేకపోతే నీళ్లు పోసినప్పుడల్లా మట్టి పొర్లిపోతుంది.

మొదటి పంట: మెంతికూర

రాత్రి పడుకునే ముందు గుప్పెడు మెంతులు గిన్నెలో నానబెట్టించండి. పొద్దున చూస్తే గింజలు ఉబ్బి ఉంటాయి, నీళ్లు జిగురుగా, పసుపుగా మారి ఉంటాయి. నీళ్లు వంపేసి, గింజల్ని పిల్లల అరచేతిలో పోసి మట్టి మీద చల్లమనండి. ఒకచోట కుప్పగా, ఇంకోచోట పలచగా పడతాయి. మెంతి కాస్త ఒత్తుగా ఉన్నా పెరుగుతుంది కాబట్టి పట్టించుకోకండి. కుప్పగా పడ్డచోట మాత్రం వేలితో కాస్త విడదీస్తే చాలు. పైన గింజ కనబడకుండా పలచగా మట్టి చల్లి, నీళ్లు చిలకరించాలి.

ఇక్కడ పావురాల గొడవ ఒకటుంది. హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు, విత్తిన గంటలోనే వచ్చి మట్టి కెలికేస్తాయి. మొలకలు నిలదొక్కుకునే దాకా డబ్బా మీద పాత జల్లెడ బోర్లించండి, లేదా దోమల నెట్ ముక్క కట్టండి.

మొలక బయటికొచ్చాక భూతద్దం ఉంటే పిల్లలకివ్వండి. విత్తనంలోంచి వచ్చిన ఆ మొదటి రెండు ఆకులు నున్నగా ఉంటాయి, అసలు మెంతి ఆకులా ఉండవు. మూడేసి రేకులుండే ఆకు కొన్నాళ్ల తర్వాత మొదలవుతుంది. "ఇవాళ మూడు రేకుల ఆకు వచ్చిందా?" అని రోజూ వెతికిస్తే వాళ్లకదే ఆట. ఇంచుమించు మూడు నాలుగు వారాలకి కూర కోతకొస్తుంది. చిన్న కత్తెరతో మొదలుకి పైన కోయించి, ఆ పూటే పప్పులోనో చపాతీ పిండిలోనో వేయండి. చేదని మొహం తిప్పేసే పిల్లలు కూడా "నా మెంతికూర" అంటూ ఓ ముద్ద రుచి చూస్తారు. ఆ ముద్దతో సరిపెట్టుకోండి, బలవంతం చేస్తే మొక్క మీద ఇష్టం కూడా పోతుంది.

రెండో కుండీ: బొబ్బర్లు, శనగలు పక్కపక్కనే

బొబ్బర్లు, పొట్టున్న శనగలు నాలుగేసి గింజలు నానబెట్టి, ఒకే కుండీలో చెరోవైపు అంగుళం లోపు లోతున నాటించండి. లోతు కొలవడానికి పిల్లల వేలే సరిపోతుంది, మొదటి గీత దాకా గుచ్చమంటే చాలు. బొబ్బర మొలక కొక్కెంలా వంగి మట్టిని నెట్టుకుంటూ లేస్తుంది, పప్పు బద్దలు రెండింటినీ తనతోపాటే పైకి తెచ్చుకుంటుంది. శనగ అలా కాదు, బద్దల్ని మట్టిలోనే వదిలేసి కాడ మాత్రమే పైకొస్తుంది. ఈ తేడా పిల్లలకి ముందే చెప్పకండి. రెండూ మొలిచాక "శనగపప్పు ఎక్కడికి పోయింది?" అని అడగండి. ఒక మొక్కని మెల్లగా పెకలించి చూపిస్తే జవాబు వాళ్లే చెబుతారు.

మన పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించడం ఉంది. లంబాడీ తండాల్లో తీజ్ పండక్కి పెళ్లికాని ఆడపిల్లలు చిన్న బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మీ ఇంట్లో అలాంటి వేడుక ఉంటే ఆ రోజుల్లోనే పిల్లల కుండీ కూడా మొదలుపెట్టండి.

తర్వాతవి

మార్కెట్ పుదీనా కట్టలోంచి లావుపాటి కాడ ఏరి, కింది ఆకులు తుంచి గాజుగ్లాసు నీళ్లలో పెట్టండి. రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. అప్పుడు కుండీలోకి మార్చుకోవచ్చు. పుదీనా పక్కదాన్ని బతకనివ్వదు, దానికో కుండీ విడిగా ఇవ్వండి. వామాకు కొమ్మని నేరుగా మట్టిలో గుచ్చినా నాటుకుంటుంది. తోటకూర విత్తనాలు మరీ సన్నం, పొడి ఇసుకలో కలిపి చిటికెతో చల్లించండి.

పూలు కావాలంటే బంతి. ఎండిన బంతిపువ్వు విప్పితే నల్లటి సన్నటి గింజలు బోలెడు రాలుతాయి, పిల్లలకి ఆ విప్పడమే సరదా. జులై నెలాఖర్లో విత్తితే బతుకమ్మ, దసరా నాటికి పూలు అందుతాయి.

కొత్తిమీరని మాత్రం మొదటి కుండీగా పెట్టకండి. ధనియాన్ని రెండు బద్దలుగా నలిపి వేసినా మొలవడానికి వారం దాటుతుంది, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. పిల్లలు అంతసేపు ఆగలేరు, మట్టి తవ్వి చూసేస్తారు.

నీళ్లు

పిల్లల కుండీలు నీళ్లు లేక ఎండిపోవడం తక్కువ, నీళ్లు ఎక్కువై కుళ్లిపోవడమే ఎక్కువ. నీళ్లు పోయడం వాళ్లకి అన్నిటికన్నా ఇష్టమైన పని మరి. నిన్న నిటారుగా ఉన్న నారు ఇవాళ మొదలు దగ్గర నీరుకారి పడిపోయిందంటే అది నారుకుళ్లు. వద్దని అరిచేకన్నా పోసే సాధనం మార్చండి. అరలీటరు నీళ్ల సీసా మూతకి మీరే సన్నటి చిల్లులు పెట్టి ఇస్తే ధార చిన్నదవుతుంది, పోయడానికి ఎక్కువసేపు పడుతుంది, సరదా తీరుతుంది. పోసే ముందు వేలు మట్టిలో పెట్టి చూడటం నేర్పండి: తడి అంటుకుంటే ఇవాళ వద్దు, పొడిగా ఉంటే పోయొచ్చు. ఇద్దరు పిల్లలుంటే చెరో కుండీ, చెరో సీసా ఇవ్వండి. డబ్బా మీద పేరు రాసుకోనివ్వండి, అక్షరాలు రానివాళ్లు బొమ్మ గీసుకుంటారు.

కుండీ కింద పెట్టిన ప్లేట్లలో నీళ్లు నిలవనివ్వకండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నీళ్లలోనే. ఎప్పటికప్పుడు వంపేసి, వారానికోసారి ప్లేటు రుద్ది కడగాలి.

ఇంకొన్ని జాగ్రత్తలు

మూడేళ్లలోపు పిల్లలు శనగల్ని, పెసల్ని ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటారు. వాళ్లతో విత్తేటప్పుడు గింజలు లెక్కపెట్టి ఇవ్వండి, కళ్లముందే నాటించండి. మట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు, గోళ్లు కడిగించాలి. గన్నేరు, ఉమ్మెత్త, డీఫెన్‌బాకియా (ఇళ్లలో అలంకారానికి పెంచే మచ్చల ఆకుల మొక్క) విషపు మొక్కలు. మనీప్లాంట్ ఆకు నమిలినా నోరు మండుతుంది. ఇవి పిల్లలకి అందేచోట ఉండకూడదు.

పేనుబంక (ఆకుల రసం పీల్చే చిన్న పురుగులు) పడితే నీళ్లధారతో కడిగేయండి. మెంతి, తోటకూర లాంటి స్వల్పకాలం పంటలకు మందులు కొట్టే అవసరమే రాదు. మరీ ఎక్కువైతే ఆ డబ్బా ఖాళీ చేసి కొత్తగా విత్తుకోవడం సులువు.

సెలవులకి ఊరెళ్లేటప్పుడు కుండీలన్నీ నీడకి జరిపి, పక్కన కాస్త ఎత్తు మీద నీళ్ల బకెట్ పెట్టండి. పాత కాటన్ చీర పీలికల్ని తడిపి, ఒక కొస బకెట్ అడుగు దాకా వేలాడదీసి, రెండో కొస కుండీ మట్టిలో పాతిపెట్టండి. నీళ్లు పీలిక వెంట మెల్లగా దిగుతాయి. ప్రయాణానికి రెండు రోజుల ముందే కట్టి చూసుకుంటే ఏ కుండీకి ఇంకో పీలిక కావాలో తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి బకెట్‌కి మూత వేసి, దోమ దూరకుండా సందుల్లో గుడ్డ కుక్కి వెళ్లండి.