ఇంటిల్లిపాదితో మొదటి ఉమ్రాకి వెళ్తున్నారా, గుంటూరు నుంచి వెళ్ళొచ్చినవాడిగా చెప్తున్నా

పోయిన చలికాలం మా ఇంట్లోంచి పదకొండు మందిమి ఉమ్రాకి, అంటే మక్కా యాత్రకి, వెళ్ళొచ్చాం. నాన్నమ్మ, అమ్మ, నాన్న, పెదనాన్న, పెద్దమ్మ, బాబాయ్, పిన్ని, వాళ్ళ పిల్లలిద్దరు, నేను, నా భార్య. అందరికీ అదే మొదటిసారి. వచ్చినప్పటి నుంచి లాలాపేటలో ఎవరు కనపడ్డా ఎలా వెళ్ళారు, ఏం జాగ్రత్తలు తీస్కోవాలి అని అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నా. ఉమ్రా అమల్ మాత్రం చిన్నదే, ఇహ్రామ్ (యాత్ర దీక్ష), తవాఫ్ (కాబా చుట్టూ తిరగడం), సయీ (సఫా, మర్వా గుట్టల మధ్య నడక), తల వెంట్రుకలు తీయించుకోవడం, నాలుగే పనులు, మసీదులో హజ్రత్ (మత గురువు) రెండు క్లాసులు చెప్తే వచ్చేస్తది. కష్టమంతా ఒక ముసలామె, ఇద్దరు పిల్లలు, షుగర్ ఉన్న ఇద్దరు, మోకాళ్ళ నొప్పులున్న ముగ్గురు ఒకే రోజు ఒకే టైమ్‌కి ఒకే చోట అది చెయ్యాలనుకోవడంలో ఉంది. అందుకే ముందే ఒక మాట చెప్తా. ప్రయాణం అందరూ కలిసి చెయ్యండి, ఇబాదత్ (ఆరాధన) మాత్రం ఇద్దరు ముగ్గురుగా విడిపోయి చెయ్యండి. ఈ ముక్క ఇంట్లో కూర్చోబెట్టి అందరితో ఒప్పించాకే టికెట్లు కొనండి.

ముందు పాస్‌పోర్టులు. మన వైపు షేక్ అనే ఇంటిపేరు ఒకరికి ఇంగ్లీషులో చివర కె తో ఉంటది, ఒకరికి కెహెచ్ తో ఉంటది, ఆధార్‌లో ఒకలా పాత ఓటరు కార్డులో ఇంకోలా. మా పెద్దమ్మకి ఇదే తలనొప్పి అయ్యి ఆధార్ సరిచేయించుకుని మళ్ళీ విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి తిరగాల్సి వచ్చింది, నెలన్నర పోయింది. కాబట్టి వెళ్ళాలనుకున్న రోజే అందరి కాగితాలు ఒక మంచం మీద పరిచి స్పెల్లింగులు చూస్కోండి, పాస్‌పోర్ట్ గడువు ప్రయాణం తర్వాత కనీసం ఆరు నెలలు ఉందా లేదా కూడా చూస్కోండి. మెనింజైటిస్ టీకా అక్కడికి చేరే రోజుకి పది రోజుల ముందే వేయించుకుని ఉండాలి, ఆ సర్టిఫికెట్ జాగ్రత్తగా పాస్‌పోర్టుతో పాటే పెట్టండి.

ఏజెంట్ విషయంలో మేం దెబ్బతిన్నాం, అందుకే కొంచెం వివరంగా చెప్తా. మాకు హోటల్ కాబా ఉన్న పెద్ద మసీదు హరమ్‌కి 300 మీటర్లు అన్నారు, తీరా చూస్తే మ్యాప్‌లో గీత గీసినట్టు కొలిస్తే 300 ఏమో గానీ నడిచే దారి ఎత్తు ఎక్కి దిగి తిరిగి పోవాలి, నాన్నమ్మకి ఒక్కో నమాజ్ వేళకి అరగంట పట్టేది. మీరు మాత్రం ఎన్ని మీటర్లు అని అడగొద్దు, హోటల్ పేరు రాసిమ్మనండి, మ్యాప్‌లో నడక దారి పెట్టి మీరే చూడండి, అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళని ఎత్తుందా అని అడగండి. ఒక రూమ్‌లో నలుగురు అంటే మన నలుగురే ఉంటారా, బయటవాళ్ళని కలుపుతారా, రూములన్నీ ఒకే ఫ్లోర్‌లో ఇస్తారా, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. డబ్బు తక్కువైతే రోజులు తగ్గించుకోండి గానీ పెద్దవాళ్ళు ఉన్నప్పుడు దూరం హోటల్‌కి మాత్రం ఒప్పుకోకండి.

రెండు నెలల ముందు నుంచి నడక మొదలుపెట్టండి, ఇది నేను బతిమాలి చెప్తున్నా. సఫా నుంచి మర్వాకి ఒకసారికి దాదాపు 450 మీటర్లు, ఏడుసార్లకి మూడు కిలోమీటర్ల పైనే, అది కూడా తవాఫ్ అయ్యాక. మేం మగవాళ్ళం పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో నడిచేవాళ్ళం, ఆడవాళ్ళు సాయంత్రం డాబా మీద. ఎవరు అరగంటకే కూలబడుతున్నారో అక్కడే తెలిసిపోద్ది, వాళ్ళకి వీల్‌చైర్ అని ఇక్కడే నిర్ణయించుకోండి, మొహమాటపడొద్దు. టికెట్ బుక్ చేసేటప్పుడే ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చైర్ కావాలని కూడా చెప్పాలి.

సామాన్లలో పచ్చళ్ళు పెట్టుకోవడం తప్పు కాదు, గోంగూర లేకపోతే మా నాన్నమ్మకి ముద్ద దిగదు, కాకపోతే మూడు కవర్లలో కట్టి చెక్ ఇన్ సూట్‌కేసులోనే పెట్టండి. గసగసాలు మాత్రం ఒక్క గింజ కూడా ఉండకూడదు, అక్కడ అది నిషేధం, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో గసగసాలు వేశారేమో అమ్మని అడిగి మరీ చూడండి. మందులు డాక్టర్ చీటీతో, అసలు స్ట్రిప్పుల్లోనే తీస్కెళ్ళండి, నొప్పి మాత్రల్లో ట్రమడాల్ లాంటివి ఉంటే డాక్టర్‌తో చెప్పి మార్పించండి. అక్కడి ప్లగ్గు మూడు పలక పిన్నులది, మన చార్జర్లు దూరవు, రూముకి ఒక అడాప్టర్ కొనుక్కోండి.

ఇప్పుడు ఇహ్రామ్. మేం శంషాబాద్ నుంచి జెద్దాకి వెళ్ళాం. జెద్దాలో దిగాక కట్టుకుందాంలే అనుకుంటే కుదరదు, మీఖాత్, అంటే ఇహ్రామ్ లేకుండా దాటకూడని హద్దు, విమానంలో ఉండగానే దాటిపోద్ది, నియ్యత్ (సంకల్పం) చెయ్యకుండా దాటితే దమ్ (పరిహారంగా జంతు బలి) పడుద్ది. అందుకే గుసుల్ (తలస్నానం) చేసి మగవాళ్ళు రెండు తెల్ల గుడ్డలు ఎయిర్‌పోర్ట్‌లోనే కట్టేస్కోండి, విమానంలో మీఖాత్ వస్తోందని చెప్తారు, అప్పుడు నియ్యత్ చేసి తల్బియా (లబ్బైక్ అని పలకడం) మొదలుపెట్టండి. నిద్రపోయేవాళ్ళని లేపే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి, మాలో అది బాబాయ్ తీస్కున్నారు. కింది గుడ్డ లుంగీలాంటిదేగా అనుకోవద్దు, లోపల ఏమీ ఉండదు కదా, ఇంట్లో నాలుగుసార్లు కట్టుకుని మెట్లెక్కి దిగి చూస్కోండి, పైన బెల్టు పెట్టుకోవచ్చు. నియ్యత్ అయ్యాక అత్తరు, వాసన సబ్బు, గోళ్ళు తీస్కోవడం, వెంట్రుకలు తీస్కోవడం ఏదీ కుదరదు, మగవాళ్ళు తల కప్పుకోకూడదు, ఆడవాళ్ళు మామూలు బట్టలే గానీ మొహానికి గుడ్డ అంటకూడదు. విమానంలో భోజనంతో ఇచ్చే తడి టిష్యూలో నిమ్మ వాసన ఉంటది, పిల్లలు ఠక్కున చించి మొహం తుడిచేస్కుంటారు, చూస్కోండి. ముందు మదీనా వెళ్ళేవాళ్ళకైతే ఈ కంగారు లేదు, మక్కాకి బయల్దేరేటప్పుడు దారిలో జుల్ హులైఫా దగ్గర, బీర్ అలీ అంటారు, అక్కడ మసీదులో తీరిగ్గా కట్టుకోవచ్చు. ముసలివాళ్ళు ఉంటే ఈ దారే మంచిదని నాకు ఇప్పుడనిపిస్తోంది.

ఆడవాళ్ళ సంగతి సిగ్గుపడి ఎవరూ చెప్పరు గానీ చెప్పాలి. నెలసరిలో ఉన్నా ఇహ్రామ్ నియ్యత్ చెయ్యొచ్చు, తల్బియా చదవొచ్చు, దువా (వేడుకోలు) చెయ్యొచ్చు, తవాఫ్ మాత్రం శుద్ధి అయ్యేదాకా కుదరదు. మా పిన్నికి జెద్దాలో దిగిన రోజే వచ్చింది. అయిదు రోజులు ఇహ్రామ్ నియమాలన్నీ పాటిస్తూ రూములోనే ఉంది, మొదటి రోజు ఏడ్చింది, అందరూ కాబా చూసి వస్తుంటే నేను గోడ చూస్తూ కూర్చున్నా అని. తర్వాత నాన్నమ్మే ఆమె పక్కన కూర్చుని ప్రవక్త గారి భార్య ఆయిషా అమ్మగారికి కూడా హజ్జు దారిలో ఇలాగే అయింది తల్లీ అని చెప్తే స్థిమితపడింది. అయిదో రోజు వాసన లేని సబ్బుతో గుసుల్ చేసి బాబాయ్‌తో వెళ్ళి ఉమ్రా పూర్తి చేసుకుంది. కాబట్టి మక్కాలో మొదటి మజిలీ రెండు మూడు రోజులకే పెట్టే ప్యాకేజీ తీస్కోవద్దు, కనీసం వారం పెట్టించండి. మాత్రలు వాడాలనుకుంటే రెండు నెలల ముందే లేడీ డాక్టర్‌ని అడగాలి, బయల్దేరే ముందు రోజు మెడికల్ షాపులో కొనేది కాదు.

మక్కా చేరగానే హరమ్‌కి పరిగెత్తకండి. మేం బస్సులో కునికి కునికి రాత్రి చేరి, నాన్న తొందరపెడితే అలాగే బయల్దేరబోయాం, నాన్నమ్మ కాళ్ళు అప్పటికే వాచిపోయి ఉన్నాయి. ఇహ్రామ్‌లో ఉండి పడుకోవచ్చు, తినొచ్చు, తప్పేం లేదు. నాలుగు గంటలు పడుకుని, తెల్లవారుజాము నమాజ్ ఫజర్‌కి ముందు తహజ్జుద్ (రాత్రి నమాజ్) అజాన్ ఒకటి వేరుగా ఇస్తారు, ఆ టైమ్‌కి వెళ్ళాం.

అక్కడే విడిపోయాం. నేను, నాన్న నాన్నమ్మతో, అమ్మ, నా భార్య ఒక జత, పెదనాన్న, పెద్దమ్మ ఒక జత, బాబాయ్ పిల్లలతో. పదకొండు మంది చేతులు పట్టుకుని గొలుసులాగా తవాఫ్ చేసే కుటుంబాలని చూశాం, మధ్యలో ఒకరి చెయ్యి వదిలితే దువా ఆగిపోయి వెతుకులాట మొదలయ్యేది. కలుసుకునే చోటు క్లాక్ టవర్ కింద అని పెట్టుకోవద్దు, అది చాలా పెద్దది, ఎటువైపో తెలీదు. గేట్ నంబర్ పెట్టుకోండి, కింగ్ ఫహద్ గేట్ 79 అనో, కింగ్ అబ్దుల్ అజీజ్ గేట్ 1 అనో, నంబర్ పెద్దగా రాసుంటది. పెద్దవాళ్ళ మెడలో హోటల్ పేరు, సౌదీ ఫోన్ నంబర్ రాసిన కార్డు వెయ్యండి. చెప్పులు గేటు దగ్గర వదలకుండా చిన్న సంచిలో మీతోనే ఉంచుకోండి.

కాబాని మొదటిసారి చూసినప్పుడు చేసిన దువా కబూల్ అవుద్దని, అంటే నెరవేరుద్దని, మన పెద్దలు చెప్తారు కాబట్టి ఏం అడగాలో ముందే అనుకుని ఉండండి. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ అంతంతమాత్రం. నాన్నమ్మకి నెలల తరబడి ఒకటే దిగులు, నాకు అరబీ దువాలు నోటికి రావు, అంత దూరం వెళ్ళి ఏం చెయ్యను అని. హజ్రత్ ఆమెకి చెప్పిన మాట మీకూ చెప్తున్నా, తవాఫ్‌లో ఫలానా చుట్టుకి ఫలానా దువానే చదవాలని లేదు, తెలుగులో అడగమ్మా, అల్లాహ్‌కి తెలుగు రాదా. నా చెల్లెలు ఒక చిన్న నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో దువా అడిగినవాళ్ళ పేర్లన్నీ రాసిచ్చింది, అందులో చుట్టాలే కాదు, పక్కింటావిడ కూతురి కాన్పు కూడా ఉంది. నాన్న చెయ్యి పట్టుకుని తలొంచుకుని నడిచి కాబా కనపడేచోట తలెత్తి చూసింది నాన్నమ్మ. నోట్‌బుక్ తెరవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వచ్చాను సామీ, వచ్చాను అంది, అంతే, చాలాసేపు అదే.

తవాఫ్ హజరే అస్వద్ (కాబా మూలలోని నల్ల రాయి) ఉన్న మూల నుంచి మొదలు, ఎదురు గోడకి పచ్చ లైటు ఉంటది, అదే గుర్తు. కాబా మన ఎడమవైపు ఉండాలి, ఏడు చుట్లు. దూరం నుంచే చెయ్యెత్తి అల్లాహు అక్బర్ అంటే సరిపోద్ది, రాయి ముద్దుపెట్టుకోవాలని తోసుకోవద్దు, సున్నత్ (ప్రవక్త ఆచారం) కోసం ఇంకొకరిని నొప్పించడం సబబు కాదు. మగవాళ్ళు కుడి భుజం బయటపెట్టాలి, తవాఫ్ అయ్యాక కప్పేస్కోవాలి, నమాజ్‌కి రెండు భుజాలూ కప్పుండాలి, ఇది చాలామంది మర్చిపోతున్నారు. తర్వాత రెండు రకాతుల నమాజ్ మఖామే ఇబ్రాహీమ్ (ఇబ్రాహీమ్ ప్రవక్త నిలబడిన రాయి) వెనకాల, జనం ఉంటే మసీదులో ఎక్కడైనా, తర్వాత జమ్ జమ్ నీళ్ళు తాగడం. వీల్‌చైర్ వాళ్ళని పైఅంతస్తులకి పంపిస్తారు, అక్కడ చుట్టు చాలా పెద్దది, కరెంటు బండ్లు కూడా అద్దెకి ఉన్నాయి. నాన్నమ్మకి మేం అదే తీస్కున్నాం.

సయీలో లెక్క తప్పేవాళ్ళు ఎక్కువ. సఫా నుంచి మర్వాకి వెళ్తే ఒకటి, మర్వా నుంచి సఫాకి వస్తే రెండు, అలా ఏడోది మర్వా దగ్గర అయిపోవాలి. మా పెదనాన్న వెళ్ళిరావడం కలిపి ఒకటి అనుకున్నారు. మేం అందరం అయిపోయి మర్వా దగ్గర నిలబడితే ఆయన, నాకు ఇంకా మూడున్నరే కదరా అయ్యింది అని మళ్ళీ సఫా వైపు తిరిగారు, ఆ మోకాళ్ళతో. పెద్దమ్మ గట్టిగా పట్టుకుని ఆపింది. వేలికి పెట్టుకునే ఏడు పూసల తస్బీ తీస్కుంటే ఈ తికమక ఉండదు. పచ్చ లైట్ల మధ్య మగవాళ్ళు కొంచెం పరుగులాగా నడవాలి, ఆడవాళ్ళకి లేదు. చివర్లో మగవాళ్ళు గుండు గానీ తలంతా పొట్టిగా గానీ చేయించుకోవాలి, కత్తెరతో రెండు వెంట్రుకలు కత్తిరించి వచ్చేస్తే చాలదు, ఆడవాళ్ళకి జడ చివర వేలి కణుపంత.

ఇంకో సంగతి, అక్కడ దాదాపు ప్రతి ఫర్జ్ (తప్పనిసరి) నమాజ్ తర్వాత జనాజా నమాజ్, అంటే చనిపోయినవాళ్ళ కోసం చదివేది, ఉంటది. మన ఊళ్ళో ఆడవాళ్ళు ఎప్పుడూ చదివి ఉండరు, ఏం జరుగుతుందో తెలీక దిక్కులు చూస్తారు. ఇంట్లోనే నేర్పించండి, నాలుగు తక్బీర్లు (అల్లాహు అక్బర్ అనడం), రుకూ సజ్దా (వంగడం, సాష్టాంగపడటం) లేవు. అసర్ (సాయంత్రం నమాజ్) కూడా మనం పాటించే హనఫీ పద్ధతి టైమ్ కంటే ముందే అయిపోద్ది.

మదీనాకి మేం హరమైన్ రైల్లో వెళ్ళాం, రెండున్నర గంటల్లోపే. అక్కడ ప్రవక్త మసీదులోని రియాజుల్ జన్నా అనే చోటికి సౌదీ ప్రభుత్వ నుసుక్ యాప్‌లో పర్మిట్ ఉండాలి, మగవాళ్ళకి ఆడవాళ్ళకి వేర్వేరు టైములు, ఎవరిది వాళ్ళకే, కాబట్టి వీసా చేతికి రాగానే ఇంట్లో ఫోన్ బాగా వచ్చిన పిల్లల్ని కూర్చోబెట్టి అందరికీ రిజిస్టర్ చేయించండి. ఖుబా మసీదుకి హోటల్లోనే వుజూ (నమాజ్‌కి ముందు కాళ్ళూ చేతులూ మొహం కడుక్కోవడం) చేసి బయల్దేరండి, ఉహుద్‌కి పొద్దున పూట వెళ్ళండి. మదీనాలో మాత్రం ఎవరికీ ప్రోగ్రాం పెట్టకండి, నాన్నమ్మ రోజంతా ప్రవక్త మసీదు ఆవరణలోని ఆ పెద్ద గొడుగుల కింద కూర్చుని సలాత్ చదువుకునేది, ఆమెని షాపింగ్‌కి రమ్మని ఎవరూ పిలవలేదు.

వచ్చేటప్పుడు జమ్ జమ్ ఎయిర్‌పోర్ట్‌లో 5 లీటర్ల సీల్ బాటిల్ కొనుక్కోవాలి, సూట్‌కేసులో మీరు సొంతంగా నింపుకున్న సీసాలు పెడితే తీయించేస్తారు. ఇంటి దగ్గర 100 మిల్లీలీటర్ల చిన్న సీసాలు ముందే కొనిపెట్టుకోండి, వచ్చిన రోజు నుంచి జనం వస్తూనే ఉంటారు. మేం నాన్నమ్మ నోట్‌బుక్ ముందు పెట్టుకుని అందులో పేర్ల వరసలోనే సీసాలు, ఖర్జూరాలు పంచాం. పక్కింటావిడకి మాత్రం నాన్నమ్మే స్వయంగా తీస్కెళ్ళి ఇచ్చింది, కూతురికి ఆడపిల్ల పుట్టిందట, మేం మదీనాలో ఉన్నప్పుడే.