కరెంటు పోయినా మీటింగ్ తెగకుండా: నా అనుభవం

మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోతే ఫ్యాను, లైటు ఆగవు. రౌటర్ మాత్రం ఒక్కసారి ఆరి వెలిగేది. నెట్ తిరిగొచ్చేసరికి రెండు మూడు నిమిషాలు, ఈలోగా మీటింగ్ తెగిపోయేది.

రౌటర్ మార్చాను, అడాప్టర్ మార్చాను, నెట్ వాళ్ళని పిలిపించాను. లాభం లేదు.

చివరికి కిటుకు ఇన్వర్టర్ వెనకే దొరికింది. అక్కడ చిన్న స్విచ్: ఒకవైపు ఎకో, ఇంకోవైపు యూపీఎస్. మాది ఎకోలో ఉంది. ఎకోలో బ్యాటరీ మీదకు మారడం కాస్త ఆలస్యం. ఫ్యానుకు ఆ తేడా తెలియదు గానీ రౌటర్ ఆరడానికి ఆ క్షణం చాలు.

ముందు రౌటర్, ఫైబర్ పెట్టె రెండూ ఇన్వర్టర్ లైన్ మీదే ఉన్నాయని చూసుకున్నాను. ఇన్వర్టర్ ఆపాను, స్విచ్‌ని యూపీఎస్ వైపు జరిపాను, మళ్ళీ ఆన్ చేశాను. వీడియో కాల్ పెట్టుకుని మెయిన్ మూడుసార్లు ఆపాను. ఒక్కసారీ తెగలేదు! ఎంత హాయిగా అనిపించిందో.

అన్ని ఇళ్ళకూ ఇదే మందని చెప్పలేను. కొన్ని మోడళ్లలో ఈ స్విచ్ ఉండదు. వోల్టేజీ తక్కువగా వచ్చే ఊళ్ళలో యూపీఎస్ మోడ్ పెడితే ఇన్వర్టర్ మాటిమాటికీ బ్యాటరీ మీదకు వెళ్తుంది. అక్కడ రౌటర్‌కు విడిగా మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ పెట్టె) కొనడమే మేలు. కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిచూసుకోండి.