ఆపిల్ హల్వా కుదరలేదా? పంచదార ఎప్పుడు వేశారో చెప్పండి

ఆపిల్ హల్వాకు పిండి వేయించే పని లేదు, తీగపాకమా ముదురుపాకమా అని చూసుకునే పని లేదు. తురుము, నెయ్యి, పంచదార, కాస్త యాలకుల పొడి, ఇంతే. అయినా ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఉడకలేదని ఒకరు, నల్లబడిందని ఒకరు, నీళ్లు ఇంకడం లేదని మరొకరు. సగానికి పైగా ఫిర్యాదుల మూలం ఒక్కటే. ఆ ఒక్కటీ ఎవరూ చూడరు, అడిగితే "అదేం కాదండీ, కాయే మంచిది కాదు" అంటారు.

చెక్కు తీయడం, గింజలు తొలగించడం, అడుగు మందంగా ఉన్న గిన్నె పెట్టడం మీకు తెలుసనుకుని రాస్తున్నాను. కొలతల విషయానికి వస్తే ముప్పావు కిలో కాయలు, అర కప్పుకు కాస్త అటూఇటూగా పంచదార, నాలుగు చెంచాల నెయ్యి అనుకోండి.

ఎంత ఉడికించినా పీచుపీచుగానే ఉంది

ఈ హల్వా చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. నిగనిగలాడుతుంది, ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. చెంచాడు నోట్లో వేసుకుంటే మాత్రం సన్నటి పోగులు పళ్ల కింద తగులుతాయి. ఇంకో పావుగంట ఉడికించినా అంతే. నీళ్లు చిలకరించినా, మూత పెట్టినా, నెయ్యి పెంచినా పోగులు పోగులుగానే మిగులుతాయి. చివరికి పాకం ముదిరి, తురుము టూటీఫ్రూటీ ముక్కల్లా సాగుతుంది. మర్నాడు ఖరీదైన విదేశీ కాయలు కొనుక్కొచ్చి మళ్లీ మొదలుపెడతారు. అవీ అంతే.

కారణం: తురుము మెత్తబడకముందే పంచదార పడింది.

పరమాన్నం వండేటప్పుడు అన్నం మెత్తగా ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడకుండా ఎవరైనా బెల్లం వేస్తారా? వేస్తే అన్నం పలుకు మీదే ఆగిపోతుందని, తర్వాత ఎంత మరిగించినా లాభం లేదని మన వంటింట్లో అందరికీ తెలుసు. అంత జాగ్రత్తగా పరమాన్నం వండే చేతులే ఆపిల్ దగ్గరికి వచ్చేసరికి తురుమూ పంచదారా కలిపి ఒకేసారి గిన్నెలో గుమ్మరిస్తాయి. పండే కదా, దానికదే ఉడుకుతుందిలే అన్న ధీమా.

ఆపిల్ కండలోని కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టిన్. వేడి నీటిలో అది కరిగితేనే ముక్క మెత్తబడుతుంది. పంచదార వచ్చి చేరిందంటే ఆ నీటిని తనవైపు లాక్కుంటుంది. పెక్టిన్ కరగడం నెమ్మదిస్తుంది, పోగుల్లోని నీరు బయటికి వచ్చేసి అవి ముడుచుకుని బిరుసెక్కుతాయి. ముక్కలు విడిపోకుండా ఉండాలనుకునే వంటల్లో పండును కావాలనే పాకంలో ఉడికిస్తారు. హల్వాలో మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఈ పొరపాటు కంటికి కనబడదు, చిక్కంతా అక్కడే ఉంది. పంచదార వేయగానే అది కరిగి, తురుములోని నీరూ బయటికి వచ్చి, గిన్నెలోది అంతా జారుగా అవుతుంది. "ఆహా, ఉడికిపోతోంది" అనిపిస్తుంది. జారుగా అవడం వేరు, మెత్తబడటం వేరు. తురుము అద్దంలా మెరవడాన్ని కూడా నమ్మకండి. మెత్తబడటానికి చాలా ముందే అది అలా మెరుస్తుంది.

పంచదార దొంగదారిన కూడా వస్తుంది. "నేను ముందు వేయలేదండీ" అన్నవాళ్లను కాస్త గుచ్చి అడిగితే ఇలాంటివి బయటపడతాయి. తురుము నల్లబడకుండా ఉండటానికి రెండు చెంచాల పంచదార కలిపి పక్కన పెట్టారు. లేదా తీపి సరిపోతుందని మొదట్లోనే డబ్బా పాలు, అంటే పంచదార వేసి చిక్కబరిచిన పాలు పోశారు. ఆరోగ్యానికి మంచిదని ఖర్జూరం ముద్ద వేసి వేయించారు. బెల్లం పాకం కాచి, అందులోనే తురుము వేశారు. ఇవన్నీ పంచదార కిందే లెక్క. బెల్లంలో కాల్షియం కూడా ఉంటుంది కాబట్టి అది ఇంకో ఆకు ఎక్కువే చదివింది.

ఇక చేయవలసిన పరీక్ష. పంచదార డబ్బా మూత తీసే ముందు గిన్నెలోంచి నాలుగు పోగులు పళ్లెంలోకి తీసి, కాస్త ఆరనిచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. వెన్నలా పూసుకుపోవాలి. వేళ్ల మధ్య సన్నటి దారం దొర్లినట్టు అనిపిస్తే ఇంకా కాలేదు. మళ్లీ మూత పెట్టండి. గరిటెతో నొక్కి చూశామంటే కుదరదు, గరిటె బలానికి పచ్చి తురుము కూడా నలిగినట్టే కనిపిస్తుంది. ఇంత చిన్న పనే, కానీ చేశారా అని అడిగితే ఫోన్‌లో అటువైపు నుంచి మౌనం.

సరైన వరుస ఇది. ఒక చెంచా నెయ్యిలో తురుము వేసి రెండు నిమిషాలు తిప్పి, పావు గ్లాసు నీళ్లు చల్లి, మూత పెట్టి సన్నటి సెగ మీద ఉంచండి. తురుము సన్నగా ఉంటే ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. నలిపి చూసి, మూత తీసి, నీరంతా ఇంకనివ్వండి. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ గీతలోకి నీరు ఊరకూడదు. అప్పుడు పంచదార. ఆ తర్వాత మిగిలిన నెయ్యి కొంచెం కొంచెంగా.

ఇప్పటికే పంచదార వేసేసిన వాళ్ల సంగతి. వేసి రెండు మూడు నిమిషాలే అయితే ఒక గ్లాసు వేడి నీళ్లు పోసి, మూత పెట్టి ఉడికించండి. పాకం పలచబడితే తురుము మళ్లీ మెత్తబడటం మొదలుపెడుతుంది, నీరు ఇంకడానికి మాత్రం ఓపిక కావాలి. పాకం ముదిరేదాకా వచ్చిందా, అయితే అలాగే ఒక గ్లాసు వేడి నీళ్లు పోసి, ఒక గిన్నెలోకి తీసి, పప్పు గిన్నె పెట్టినట్టు కుక్కర్లో పెట్టి మూడు కూతలు రానివ్వండి. నేరుగా కుక్కర్లో పోయకండి, అడుగంటుతుంది. అప్పటికీ లొంగకపోతే చల్లార్చి మిక్సీలో తిప్పి, నెయ్యి వేసి దగ్గరపడేదాకా కలపడమే. హల్వా నున్నటి ముద్దలా వస్తుంది. తురుము హల్వా తినే సుఖం ఉండదు కానీ పారేయవలసిన పని లేదు.

ఇదే గొడవకు ఇంకో రెండు చేతులు కూడా కలుస్తాయి. ఒకటి నిమ్మరసం. రంగు మారకుండా మొదట్లోనే పిండితే ఆ పులుపుకు కూడా కండ మెత్తబడటం నెమ్మదిస్తుంది. రెండోది బోరు నీళ్లు. కాల్షియం ఎక్కువున్న నీరు పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. బూడిద గుమ్మడికాయ ముక్కలను పేఠా అనే మిఠాయి కోసం సున్నపు నీటిలో నానబెట్టేది అందుకే. కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లు మీ ఇంట్లో వస్తుంటే హల్వాకు తాగే నీళ్లు వాడండి. వాడేది పావు గ్లాసే కదా.

దగ్గరపడటం లేదు

ఆపిల్‌లో నూటికి 85 వంతులు నీరే. ముప్పావు కిలో కాయల్లో చెక్కు, మధ్య భాగం పోగా మిగిలిన కండలో దాదాపు అర లీటరు నీరు ఉంటుంది, అందులో చాలా భాగం బయటికి పోవాలి. సన్నగా, లోతుగా ఉన్న గిన్నెలో అది పోదు. వెడల్పాటి మూకుడులోకి మార్చి, మంట పెంచి, వదలకుండా కలపండి. చేతి మీద చిటపటా పడుతుంది, పొడుగు గరిటె తీసుకోండి. మొక్కజొన్న పిండి, బొంబాయి రవ్వ వేసి గట్టిపరిచే ఆలోచన ఉంటే మానుకోండి. ఆ జిగురు నాలుకకు వెంటనే తెలిసిపోతుంది.

నల్లబడింది

ముందుగా తురిమి పెట్టుకోవద్దు. తురిమిన ఆపిల్‌కు గాలి తగిలితే అందులోని ఎంజైములు నిమిషాల్లో రంగు మార్చేస్తాయి, వేడి తగిలితే ఆ ఎంజైములు పని చేయడం మానేస్తాయి. అంచేత పొయ్యి మీద నెయ్యి కరిగాక నేరుగా గిన్నెలోకే తురమండి. ఒక కాయ తురిమి, ఒకసారి కలిపి, మరో కాయ. నిమ్మరసం అవసరమే రాదు.

అప్పటికీ నల్లగా వస్తోందంటే గిన్నె చూడండి. ఇనుప మూకుడు వేపుళ్లకు మహారాజు, ఆపిల్‌కు పనికిరాదు. పులుపు ఇనుముతో కలిసి రంగూ పోతుంది, నాలుక మీద లోహం రుచీ మిగులుతుంది. మందపాటి స్టీలు గిన్నె వాడండి. పైన చెప్పిన బెల్లం వేసినా ముదురు రంగు వస్తుంది, అది లోపం కాదు.

తీపి తప్ప మరో రుచి లేదు

ఇది కాయ గొడవే. మన బండ్ల మీద ఎక్కువగా కనిపించేవి డెలీషియస్ జాతులు. హిమాచల్‌లోని కోట్‌గఢ్‌లో స్థిరపడిన అమెరికన్ శామ్యూల్ స్టోక్స్ 1916లో తన దేశం నుంచి తెప్పించి నాటించిన రెడ్ డెలీషియస్‌తోనే అక్కడ ఆపిల్ వ్యాపారం ఊపందుకుంది. కొరికి తినడానికి బాగుంటుంది కానీ పులుపు తక్కువ, వండితే చప్పబడుతుంది. నాలుగు కాయల్లో ఒకటి ఆకుపచ్చటి గ్రానీ స్మిత్ వేయండి. దొరకకపోతే దించే ముందు ఒక నిమ్మచెక్క పిండి, చిటికెడు ఉప్పు వేయండి. నిమ్మరసం వేళ అదీ, మొదట్లో కాదు.

హిమాచల్, కశ్మీర్ కాయల కోతలు జూలైలో మొదలై నవంబరు దాకా సాగుతాయి. వేసవిలో దొరికే దేశవాళీ కాయ నెలల తరబడి శీతల గిడ్డంగిలో ఉండి వచ్చినదే. కొరికితే పిండిపిండిగా ఉండే అలాంటి కాయను అందరూ తిట్టుకుంటారు. హల్వాకు అదేమీ చెడ్డది కాదు, సరికదా తొందరగా మెత్తబడుతుంది. వాసన మాత్రం తక్కువ, యాలకులు కాస్త ధారాళంగా వేసుకోండి.

అమెరికాలో ఉన్నవాళ్ల ఇబ్బంది వేరు. శరదృతువులో తోటలకు వెళ్లి సంచులకొద్దీ కోసుకొస్తారు, ఏ సంచిలో ఏ జాతి ఉందో మరిచిపోతారు. మెకింతోష్ అయితే చూస్తుండగానే గుజ్జయిపోతుంది. హనీక్రిస్ప్, గ్రానీ స్మిత్ బాగా ఆలస్యం చేస్తాయి. రెండు రకాలూ కలిపి తురిమితే సగం ముద్ద, సగం పోగులు. అప్పుడు నలిపి చూడవలసింది గట్టి జాతి పోగును.

పాలు విరిగిపోయాయి

మరుగుతున్న పాలు, ఉడుకుతున్న ఆపిల్, రెండూ కలిస్తే విరక్క ఏమవుతాయి? పండులో పులుపు ఉంది. పాల రుచి కావాలంటే హల్వా పూర్తిగా దగ్గరపడ్డాక మంట తీసేసి, కోవా చిదిమి కలపండి. విరిగినవాటిని పారబోయకండి. అలాగే ఇగరబెడితే కలాకండ్ తరహాలో పొరపొరగా వస్తుంది. అడిగిన వాళ్లకు కావాలనే అలా చేశామని చెప్పుకోవచ్చు.

చల్లారాక గట్టిపడింది

కొంతవరకు గట్టిపడాలి. పెక్టిన్, పంచదార, పులుపు కలిసి చల్లారితే జామ్ బిగుసుకునేది ఇందువల్లే. రెండు చెంచాల వేడి నీళ్లు చల్లి, సన్నటి సెగ మీద కలిపితే వదులవుతుంది. పంటికి అంటుకుపోయేంత జిగటగా ఉంటే మాత్రం పాకం ముదిరిపోయిందని అర్థం. ఈసారి అంచుల్లో నెయ్యి తేలడం కనిపించిన వెంటనే దించేయండి, ఇంకో ఐదు నిమిషాలు ఉంటే ఏం పోయిందిలే అనుకోవద్దు.

మిగిలిన చిల్లర ఫిర్యాదులు

చేదుగా ఉందంటే గింజలు మిక్సీలో పడి ఉంటాయి, లేకపోతే దాల్చిన చెక్క పొడి ఎక్కువై ఉంటుంది. నెయ్యి పైకి తేలి విడిగా నిలబడితే నెయ్యి ఎక్కువైనట్టే, వంచేసి అన్నంలోకి వాడుకోండి. పైన పూసిన మైనం గురించి అడిగేవాళ్లు ఎప్పుడూ ఒకరుంటారు. చెక్కు తీస్తే అదీ పోతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన హల్వా నెయ్యి పేరుకుని తెల్లగా కనిపిస్తుంది, బూజు అనుకుని కంగారుపడకండి. వేడి చేస్తే కరిగిపోయేది నెయ్యి, కరగనిదైతే తినకండి.